పెట్రోలు చెయ్యి, నీళ్ళ చెయ్యి

బుడగల బాబాయికి ఈ లోకంలో ఒక్కటే శత్రువు. అది ఆవగింజంత ఉంటుంది. కరవదు, అరవదు, కేసు పెట్టదు. గాజుసీసాలో నీళ్ళు నింపి మూత బిగించాక ఏ మూలనో నక్కి, సీసాని తలకిందులు చెయ్యగానే తీరిగ్గా పైకి తేలుతుంది. గాలిబుడగ. అది కనిపించిందంటే ఆ సీసా పారబోసి మళ్ళీ మొదటికి రావాల్సిందే. నీళ్ళలో పెట్రోలు లాంటిదేదైనా ఉంటే ఆవిరై ఆ బుడగలోకి జారుకుంటుంది, ల్యాబులో లెక్క తగ్గుతుంది. అందుకని ఇరవై ఎనిమిదేళ్ళుగా మూడు నెలలకోసారి ఇదే తపస్సు. బొటనవేలంత సీసాని అంచు మీద నీళ్ళు ఉబ్బి నిలిచేదాకా నింపడం, ఆ ఉబ్బు చెదరకుండా మూత తిప్పడం, తలకిందులు చేసి గోటితో టకటకా కొట్టడం, ఒక కన్ను మూసి వెలుగులోకి చూడడం. చూసి చూసి ఆఫీసు వాళ్ళు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ సోమవారం పొద్దున ఐసుపెట్టె ఎత్తుకుని బయల్దేరబోతుంటే మేనేజరు గుమ్మంలో అడ్డం పడ్డాడు. ఈయన్ని వెనకాల అందరూ ‘సంతకం’ అంటారు. ముందు కింద సంతకం పెట్టి, తర్వాత పైన చదవడం ఆయన పద్ధతి. ఒక్కోసారి ఆ రెండోది మర్చిపోతాడు.

“బాబాయ్, తొమ్మిదో బావి ఎండిపోయిందటగా?”

“ఎవరన్నారు సార్?”

“నువ్వే. సాయంత్రం తిరిగొచ్చాక అంటావు.”

బాబాయి ఐసుపెట్టె కింద పెట్టాడు. “నడుం లోతు నీళ్ళున్నాయి సార్ దాంట్లో. ఎండిపోయిందల్లా మన మొహాలే.”

“అబ్బా, జోకులొద్దయ్యా. డిపో స్థలం అప్పజెప్పమని పైవాళ్ళు పీకల మీద కూర్చున్నారు. ఎనిమిది బావులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఈ తొమ్మిదోదొక్కటే ఆరేళ్ళుగా కొంప ముంచుతోంది. దీని లెక్క మీద మాకనుమానం, జాబితాలోంచి తీసెయ్యండి అంటున్నారు.”

“అనుమానం వాళ్ళది, తీసెయ్యడం బావినా? ఇదెక్కడి న్యాయం సార్! ఆ గోడవతల సందులో ఆరిళ్ళ బావులకి రాతి పలకలేసి మూయించాం. వాళ్ళకేం చెప్తారు?”

“రెండు నెలల్లో రిటైరయ్యేవాడివి, నీకెందుకయ్యా ఈ నీళ్ళ గొడవ?”

“ఇరవై ఎనిమిదేళ్ళు ఈ నీళ్ళే తిండి పెట్టాయి సార్. ఇప్పుడు నీళ్ళు నమలమంటే నా వల్ల కాదు.”

అని ఐసుపెట్టె ఎత్తుకుని వచ్చేశాడు. ‘అనుమానం’ అట! ఎవరి చేతిమీద? వ్యాను నడుపుతూ దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ల్యాబువాళ్ళు ప్రతిసారీ స్వచ్ఛమైన నీళ్ళు కొన్ని ఇస్తారు. ఒక సీసాలో వాళ్ళే నింపి మూసి పంపుతారు, అది తెరవకుండా వెళ్ళి తెరవకుండా తిరిగి వస్తుంది. దాన్ని ప్రయాణం సీసా అంటారు. ఇంకొకటి, బావి దగ్గర మనమే ఆ మంచినీళ్ళు పోసి నింపాలి. దాన్ని ఖాళీ సీసా అంటారు, నిండుగా ఉన్నా సరే. మనచేతి మురికి గానీ గాలిలోని మురికి గానీ నమూనాలో కలవడం లేదని అది సాక్ష్యం చెప్పాలి. ఇన్నేళ్ళూ గేటు దగ్గర బల్ల ఉంది కదా అని ఆ సాక్షిని అక్కడే నింపేవాడు. ఈసారి సరిగ్గా తొమ్మిదో బావి పక్కన నింపుతాడు. అందులో ఏమీ లేదని ల్యాబు చెప్పిందంటే, సీసాకే కాదు, అనుమానం అన్న నోళ్ళకి కూడా మూత పడుతుంది.

*

పెట్రోలు డిపో అది, మూతబడి ముప్ఫై ఏళ్ళు. భూమిలో పాతిన ట్యాంకులు తుప్పుపట్టి కారి, ఆ కారినది ఎటు పోతోందో కనిపెట్టడానికి వేసినవే ఈ బావులు. బావులంటే గిలకా గట్టూ ఉన్నవి కావు. జానెడు వెడల్పు కూడా లేని ప్లాస్టిక్కు గొట్టాలు, పైన ఇనప మూత, మూతకి తాళం. చేద పట్టదు, కప్ప పట్టదు. “ఇందులో దూకి చావాలన్నా ముందు ఆర్నెల్లు పస్తుండి చిక్కాలిరా” అనేవాడు బావ.

బావ అంటే అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళు ఈ వ్యానుకి డ్రైవరు, జనరేటరుకి యజమాని, బాబాయికి సగం బుర్ర. భుజం మీద ఎర్రగళ్ళ తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక సామెత. “తోడేవాడికి తోడుండాలి” అనేది ఆయన రోజూ అనే మాట. ఇద్దరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఒకటుండేది. జనరేటరు ముట్టుకునేది బావ, సీసాలు ముట్టుకునేది బావమరిది. “పెట్రోలు చెయ్యి నీళ్ళు ముట్టదు, నీళ్ళ చెయ్యి పెట్రోలు ముట్టదు. మొగుడూ పెళ్ళాల్లాగా దూరం దూరంగా ఉంటేనే కాపురం” అని, ఇంటికెళ్ళాక ఆ మాటకి అక్క చేత తిట్లు తినేవాడు. బావ పోయి ఆరేళ్ళు దాటింది. ఆఫీసు వాళ్ళు ఇంకో మనిషినివ్వలేదు. బాబాయీ అడగలేదు. బావ పోయాక బాబాయికి బావులే మిగిలాయి.

ఒకటో బావితో మొదలుపెట్టాడు. ఎప్పుడూ శుభ్రమైనది ముందు, మురికిది చివర. లేకపోతే మురికి పంపుతో పాటు టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తుంది. తాళం తీసి, కొలత టేపు దింపాడు. నీళ్ళు తగలగానే అది కీచుమంది. “హలో అంటోంది, పలకరా” అనేవాడు బావ. లోతు రాసుకుని, పంపు దింపి, జనరేటరుని గాలివాటం చూసి ఇరవై అడుగుల అవతల పెట్టి తాడు లాగాడు. గొట్టంలో నిలవ ఉన్న నీళ్ళు మూడింతలు తోడి డ్రమ్ములో పోశాడు. నిలవ నీళ్ళు పాత పేపరు లాంటివి. ఇవాళ్టి వార్త కావాలంటే నిన్నటిది పారెయ్యాలి. బావుల విషయంలో ఇంత కచ్చితంగా ఉండే మనిషి తన బుర్రలో నిలవున్న దాంట్లోంచి మాత్రం ఒక్క చుక్క తోడి పోసుకున్నది లేదు. రెండో బావి దగ్గర బావ కాలికి ముల్లు గుచ్చుకున్న చోటు. నాలుగో బావి దగ్గర ఇద్దరూ వానకి వ్యాను కింద దూరి, వ్యాను లోపల కూర్చోవచ్చని అరగంట తర్వాత గుర్తొచ్చిన చోటు. ఏడో బావి దగ్గర, పోయే ముందేడు, ఆయాసంతో కూర్చుండిపోయి “జనరేటరుకీ నాకూ ఒకటే జబ్బురా, తాడు లాగితే గానీ లేవం” అన్న చోటు.

తొమ్మిదో బావి చేరేసరికి జనరేటరు దగ్గి ఆగిపోయింది. దాని కడుపు ఎనిమిది బావులకే చాలుతుంది. ఎప్పుడూ అంతే. బాబాయి గ్లౌజులు తీసేసి, గరాటు పెట్టి, క్యాన్లోంచి పెట్రోలు పోశాడు. జనరేటరు పిడికి కట్టి ఉన్న ఎర్రగళ్ళ తువ్వాలు విప్పి మూత చుట్టూ ఒలికినది తుడిచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు. ఆ వాసన గుప్పుమంది. ప్రతిసారీ ఈ బావి దగ్గరికి రాగానే బావ వచ్చి పక్కన నిలబడ్డట్టుంటుంది. అందుకే ఈ చివరి బావి దగ్గర ఆయన ఎప్పుడూ తొందరపడడు.

“వచ్చావా నాయనా?”

గోడ అవతల్నుంచి టీచరమ్మ. సందులో మొదటిల్లు ఆవిడదే. రిటైరై పన్నెండేళ్ళయినా ఎదుటివాడి మాటలో తప్పు దొరికితే ఊరుకోదు. గోడ వారగా స్టూలెక్కి నిలబడితే తల ఒక్కటే కనిపిస్తుంది, హాజరు పిలుస్తున్నట్టు.

“వచ్చానమ్మా.”

“ఎలా ఉన్నాయి మా నీళ్ళు?”

“ల్యాబు చెప్పాలమ్మా.”

“పోనీ ఇది చెప్పు. మా బావి మూసేశారు సరే. మూసేముందు ఎన్నాళ్ళ నుంచి చెడిపోయుంటాయి?”

మూడు నెలలకోసారి ఆవిడ అడిగే ప్రశ్నే ఇది. ఆవిడ ఎందుకడుగుతుందో ఆయనకి తెలుసు. ఎదురుగా బడి. బడి విడిచాక పిల్లలంతా ఆవిడ అరుగు మీద వాలేవారు. బావిలోంచి చల్లగా తోడి, గోడకి వరసగా తగిలించిన గ్లాసులతో పోసేది. ఎనిమిదేళ్ళపాటు అలా పోసింది.

“అది చెప్పలేమమ్మా. ఆర్నెల్లో, రెండేళ్ళో...”

“మొన్న మూడో ఇంటి వాళ్ళ అబ్బాయిని ఆసుపత్రిలో పెట్టారట. కామెర్లు. వాడు రోజూ రెండు గ్లాసులు తాగేవాడు.” ఆవిడ తల గోడ కిందికి దిగబోయింది. “సరేలే, పని చూసుకో. నేను మాట్లాడిస్తే నీకు బుడగలొస్తాయి.”

బాబాయి బావి మీదికి వంగాడు. సీసా అంచు ఉబ్బేదాకా నింపాడు. తడిసిన వేళ్ళు జారకుండా తువ్వాలు కొసకి అద్దుకుని, సంచిలోంచి మూత తీసి బిగించాడు. తలకిందులు చేశాడు. బుడగ లేదు. మూడు సీసాలు. తర్వాత ల్యాబు మంచినీళ్ళు తీసి, అదే చోట, అదే తీరున ఖాళీ సీసా నింపాడు. వేళ్ళద్దుకున్నాడు, మూత బిగించాడు, తలకిందులు చేశాడు. ఒక కన్ను మూసి, గోడ మీద ఇందాక టీచరమ్మ తల కనిపించిన చోటుకేసి చూస్తూ అనుకున్నాడు: ‘మీ పక్షాన సాక్ష్యం ఇదేనమ్మా. ఈ బావిని ఎవరూ తీసెయ్యలేరు.’

*

గురువారం మధ్యాహ్నం ల్యాబు నుంచి కెమిస్టమ్మ ఫోన్ చేసింది. ఇరవయ్యేళ్ళుగా ఇద్దరికీ కౌంటరు దగ్గర పరిచయం. ఐసు కరగలేదు కదా అని ఆవిడ అడగడం, మీరు కరిగితే గానీ అది కరగదమ్మా అని ఈయన అనడం.

“బాబాయి గారూ, కూర్చోండి.”

“కూర్చునే ఉన్నానమ్మా.”

“తొమ్మిదిలో ఎప్పుడూ వచ్చేదే వచ్చింది.”

“చెప్పానా!”

“అది కాదండీ. మీ ఖాళీ సీసాలోనూ దాదాపు అంతే వచ్చింది.”

బాబాయి లేచి నిలబడ్డాడు. “మీరిచ్చిన నీళ్ళే బాగోలేవేమో?”

“ప్రయాణం సీసాలోవీ ఆ నీళ్ళే. అందులో ఏమీ లేదు. కాబట్టి నా నీళ్ళలో లేదు, మీ వ్యానులో లేదు, ఐసుపెట్టెలో లేదు.” ఆవిడ గొంతు తగ్గించింది. “మీరు సీసా తెరిచిన దగ్గర్నుంచి మూసేలోపు ఎక్కడో కలిసింది బాబాయి గారూ. అంటే తొమ్మిదో బావి నీళ్ళలో కూడా...”

“అలాగే కలిసుండొచ్చు” అని ఆ వాక్యాన్ని తనే పూర్తి చేశాడు.

అక్క ఇంటి మేడమీద గది ఆయనది. ఆ సాయంత్రం పైకి వెళ్ళకుండా కింద వసారాలోనే కూలబడ్డాడు. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“ఏంట్రా, బుడగ పగిలినట్టుంది మొహం?”

చెప్పాడు. అక్క ఇరవై రెండేళ్ళు డ్రైవరు పెళ్ళాం, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ బావుల మనిషికి అక్క. బావుల సంగతులు ఆఫీసులో సగం మందికన్నా ఆవిడకే బాగా తెలుసు.

“గ్లౌజులు మార్చానక్కా. సబ్బుతో కడుక్కున్నాను. జనరేటరు ఇరవై అడుగుల దూరం. గాలి అటువైపు. ఎక్కడ తప్పు జరిగింది?”

“నాకేం తెలుసు? చేసి చూపించు.”

అక్క మందుసీసా ఖాళీది, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. బాబాయి గొంతుకూర్చున్నాడు. చిన్నపిల్లల ఆటలా ఉంది గానీ ఇద్దరూ నవ్వలేదు. గరాటు పెట్టినట్టు, పోసినట్టు, గ్లౌజులు మార్చినట్టు చేశాడు. సీసా అంచుదాకా నింపాడు. మూత తీసి బిగించాడు. తలకిందులు చేశాడు.

“మళ్ళీ చెయ్యి” అంది అక్క.

మళ్ళీ చేశాడు.

“మధ్యలో ఆ చెయ్యి భుజం మీదికి ఎందుకు పోతోందిరా?”

“ఎక్కడ పోయింది?”

“పోయింది. సీసా నింపాక, మూత తీసేముందు. రెండుసార్లూ పోయింది.” అక్క తన భుజం మీద చెయ్యి వేసుకుని చూపించింది. “ఇలా. మీ బావ లాగా.”

బాబాయి కుడిచెయ్యి గాల్లోనే ఆగింది. లేని తువ్వాలు కొస కోసం వేళ్ళు ఇంకా వెతుకుతున్నాయి.

లేచి వ్యాను దగ్గరికి వెళ్ళి, జనరేటరు పిడికి కట్టిన తువ్వాలు విప్పుకొచ్చి అక్క ముందు పెట్టాడు. ఎర్రగళ్ళు నల్లగళ్ళయ్యాయి. అక్క దాన్ని ముట్టుకోలేదు ముందు. తర్వాత రెండు వేళ్ళతో ఎత్తి వాసన చూసింది.

“దీన్నెప్పుడైనా ఉతకడానికి నాకిచ్చావా?”

“లేదు.”

“ఆరేళ్ళలో?”

“ఉతికితే పోతుంది కదక్కా.”

“ఏం పోతుంది?”

బాబాయి చెయ్యి తువ్వాలు కొస పట్టుకుంది.

“ఇది మీ బావ వాసన కాదురా పిచ్చోడా, పెట్రోలు వాసన.”

“రెండూ ఒకటే కదక్కా.”

అక్క తల తిప్పుకుని, మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

బావ బతికున్నన్నాళ్ళూ ఆ తువ్వాలు బావ భుజం దాటలేదు. పెట్రోలు చెయ్యి తుడుచుకునేది దానితో, నీళ్ళ చెయ్యి దాని దగ్గరికి వచ్చేది కాదు. ఇప్పుడు రెండు చేతులూ ఒక్క మనిషివే అయ్యాయి. మొదటి ఎనిమిది బావుల దగ్గర అది మూడు నెలలుగా ఆరి, పిడికి వేలాడే గుడ్డ. తొమ్మిదో బావి దగ్గరే, పెట్రోలు పోసి తుడిచిన తర్వాతే, ప్రాణం పోసుకునేది. ఆరేళ్ళ కిందట సందులో ఇళ్ళ బావుల నీళ్ళు పట్టింది కూడా తొమ్మిదో బావి పని ముగించాకే. ఆ సీసాలకీ ఈ భుజమే, ఈ తువ్వాలే.

*

శుక్రవారం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి జనరేటరుకి పెట్రోలు గేటు బయటే పోసి, క్యాను అక్కడే వదిలేశాడు. చేతులద్దుకోవడానికి కొత్త కాగితపు చుట్ట. భుజం ఖాళీగా, ఎవరో చెయ్యి తీసేసినట్టు తేలిగ్గా ఉంది. మూడుసార్లు చెయ్యి అటు పోయి వెనక్కి వచ్చింది. తొమ్మిదో బావి, ఖాళీ సీసా, తర్వాత గోడ చుట్టి వెళ్ళి టీచరమ్మ బావి. పలకలో జానెడు కంత ఉంది, దానికి ఇనప మూత. టీచరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“ఆరేళ్ళకి మా బావి గుర్తొచ్చిందే! ఏమిటి సంగతి?”

“మరోసారి చూద్దామని.”

“నువ్వు నా మొహం చూడకుండా మాట్లాడుతున్నావు. క్లాసులో ఇలాంటి వాళ్ళ జేబులు వెతికేదాన్ని.”

బాబాయి మూత బిగించి, తలకిందులు చేసి, అవసరం లేకపోయినా రెండోసారి గోటితో కొట్టాడు.

మంగళవారం కబురొచ్చింది. తొమ్మిదో బావి, టీచరమ్మ బావి, ఖాళీ సీసా మూడింట్లోనూ ఏమీ లేదు. “సున్నా అని మేము అనం బాబాయి గారూ, మా యంత్రానికి కనపడేంత లేదు అంటాం” అంది కెమిస్టమ్మ. “ఏం మార్చారు?”

“గుడ్డ” అన్నాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచి వచ్చి కౌగిలించుకున్నంత పని చేశాడు. “శుభం! ప్రకృతి తనని తాను శుభ్రం చేసుకుందయ్యా. అలా రాసెయ్. మిగతా ఇళ్ళ బావులూ ఓసారి చూసి తెరిపించేద్దాం.”

“ప్రకృతి కాదు సార్. నా తువ్వాలు.” మొత్తం చెప్పాడు.

మేనేజరు మెల్లగా కూర్చున్నాడు. గది తలుపు వేసి రమ్మన్నాడు.

“చూడు బాబాయ్. ఆ మొదటి ఖాళీ సీసా సంగతి నీకూ నాకూ ల్యాబుకీ తప్ప తెలియదు. వచ్చే రెండుసార్లు కూడా శుభ్రంగా వస్తే అంతే, కథ కంచికి. సందులో వాళ్ళకి కావలసింది నీళ్ళు. నువ్వు చెప్పినా తెరుస్తారు, చెప్పకపోయినా తెరుస్తారు. రెండు నెలల్లో పోయేవాడివి, ఇరవై ఎనిమిదేళ్ళ పేరు ఎందుకయ్యా నీళ్ళపాలు చేసుకుంటావు?” కాస్త ఆగి, “ఆ ఆరేళ్ళ రిపోర్టుల మీద సంతకాలు నావి” అన్నాడు, బల్లకేసి చూస్తూ.

ఫారం బాబాయి చేతికిచ్చాడు. చివర్న ‘మార్పుకి కారణం’ అని ఒక గడి. ఖాళీగా ఉంది. బాబాయికి మేనేజరు మాటలో తప్పేమీ కనపడలేదు. ఎవరికీ నష్టం లేదు. నీళ్ళు వస్తాయి, పేరు నిలుస్తుంది. బాబాయి ఆ ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

*

మర్నాడు పొద్దున, మంచి మాట మనమే ముందు చెబుదామని, టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. అరుగు మీద కూర్చున్నాడు. గోడకి గ్లాసులు ఇంకా వరసగానే ఉన్నాయి. అన్నీ బోర్లించి ఉన్నాయి.

“మీ బావి శుభ్రంగా ఉందమ్మా. కాగితం రాగానే పలక తీయిస్తాం.”

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది.

“ఇప్పుడు శుభ్రమయ్యాయి.”

“అవునమ్మా.”

“అంటే ఆరేళ్ళు మూసి ఉంచితే గానీ శుభ్రం కాలేదన్నమాట. అంత చెడిపోయిన నీళ్ళన్నమాట నేను పోసింది.” చీర కొంగు వేలికి చుట్టుకుంటూ బడి గేటుకేసి చూసింది. “నలభై ఏడు మంది పిల్లలు. పేర్లు రాసి పెట్టుకున్నాను. ఎవరికి జ్వరమొచ్చిందన్నా ఆ కాగితం తీసి చూస్తాను, వాడు తాగినవాడేనా అని. మూడో ఇంటి అబ్బాయి ఇంటికొచ్చాడట. నేను వెళ్ళి చూడలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నీళ్ళు నాకొద్దు నాయనా. ఎన్నాళ్ళు చెడిపోయి ఉన్నాయో అది చెప్పు చాలు.”

బాబాయి చెయ్యి జేబు మీదికి పోయింది. ఎవరికీ నష్టం లేదనుకున్న గడి జేబులో బరువుగా తగిలింది. ప్రకృతి శుభ్రం చేసుకుందని రాస్తే ఈవిడకి బావి తెరుచుకుంటుంది. ఆ పేర్ల కాగితం మాత్రం ఎప్పటికీ మూతపడదు.

“ఒక్కరోజు కూడా చెడిపోలేదమ్మా.”

“ఏమన్నావు?”

“మీ నీళ్ళెప్పుడూ మంచివే. చెడిపోయింది నా చెయ్యి.”

చెప్పాడు. జనరేటరు, బావ, తువ్వాలు, భుజం మీదికి పోయే చెయ్యి. మధ్యలో ఒక్క జోకు కూడా రాలేదు. తువ్వాలు ఎందుకు ఉతకలేదో కూడా చెప్పాడు. ఆవిడ ఆపకుండా విన్నది. విని, లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

బాబాయి అరుగు మీదే ఉన్నాడు. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. లోపల ఏదో సొరుగు లాగిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు. చాలాసేపు చింపింది. బయటికొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం క్లాసులో గొంతు.

“ఆరేళ్ళయ్యా! ఆరేళ్ళు నేను పిల్లల మొహాలు చూడలేక బడి విడిచే వేళకి తలుపేసుకున్నాను. నీ తువ్వాలు ఉతకడానికి నీకు మనసొప్పలేదూ?”

“తప్పేనమ్మా.”

“తప్పే. తప్పు దిద్దుకున్నవాడికి నేనెప్పుడూ సున్నా వెయ్యలేదు. కానీ ఇంత ఆలస్యంగా దిద్దితే సగం మార్కులు కోస్తాను.”

“సగమిచ్చారు, అదే ఎక్కువ.”

“రాతలో పెట్టావా? నోటిమాట నేను దిద్దను.”

బాబాయి జేబులోంచి ఫారం తీసి మోకాలి మీద సాపుచేశాడు. కలం కోసం తడుముకుంటుంటే ఆవిడే ఇచ్చింది. ‘మార్పుకి కారణం’ గడిలో రాశాడు: బావి ఎప్పుడూ శుభ్రమే. నమూనా తీసినవాడు చేతులద్దుకున్న గుడ్డలో పెట్రోలు ఉండేది. గడి చాలక అంచు దాకా పోయింది. కింద అసలు పేరు రాసి సంతకం చేశాడు. ఆ పేరు తనకే కొత్తగా కనిపించింది.

ఆఫీసులో మేనేజరు ఆ కాగితం అందుకుని, అలవాటుగా కలం మూత తీసి, ఆగాడు. జీవితంలో మొదటిసారి పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు.

“దీంతో నువ్వొక్కడివే మునగవు, నేనూ మునుగుతాను. తెలుసా?”

“తెలుసు సార్. లోతు కొలిచే రాశాను.”

మేనేజరు నవ్వలేదు. పైవాళ్ళ నుంచి తాఖీదులొస్తాయి, ఇద్దరూ సంజాయిషీలు రాయాలి, బాబాయి వీడ్కోలు సభ అనుకున్నది బహుశా విచారణ సభ అవుతుంది. అవన్నీ ఆయన కళ్ళలో ఒక్కొక్కటిగా కనిపించాయి. చివరికి సంతకం పెట్టాడు. ఎప్పుడూ గీసే గీత కాదు, చదవగలిగే సంతకం.

*

ఆ తర్వాత రెండోవారం శనివారం టీచరమ్మ ఇంటి పలక తీశారు. ఇద్దరు కూలీలు గునపాలతో ఎత్తి పక్కకి జరిపితే, లోపల్నుంచి ఆరేళ్ళ చల్లదనం ఒక్కసారి మొహానికి కొట్టింది. నీళ్ళంతా తోడి పోయించి, కొత్త ఊట వచ్చాక బాబాయే మళ్ళీ సీసాలు నింపి, ల్యాబుకి పంపి, తాగొచ్చని కాగితం తెచ్చిచ్చాడు. మరో వారం గడిచాక మంగళవారం సాయంత్రం కొత్త తాడుతో ఆవిడే చేద వేసింది. బాబాయి సాయం పట్టబోతే, “నీ చేతులు దూరంగా పెట్టు” అంది. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు.

బడి గంట కొట్టారు. పిల్లలు బయటికొచ్చారు, ఆరేళ్ళ కిందటి పిల్లలు కారు, కొత్తవాళ్ళు. తలుపు తీసున్న ఇంటినీ, అరుగు మీద వరసగా పెట్టిన గ్లాసుల్నీ చూసి గేటు దగ్గరే ఆగారు. వాళ్ళ వెనకాల పొడుగ్గా, మొహంలో ఇంకా పసుపు వదలని అబ్బాయి ఒకడు మాత్రం దారి తెలిసినట్టు తిన్నగా వచ్చి అరుగెక్కాడు. టీచరమ్మ వాణ్ణి కాసేపు చూసి, రెండు గ్లాసులు నింపి ఇచ్చింది.

మూడోది బాబాయి చేతికిచ్చింది.

అలవాటు కొద్దీ ఆయన దాన్ని వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. అంచు వారగా చిన్న బుడగ ఒకటి ఉంది. ఉండనిచ్చాడు. కుడిచెయ్యి భుజం మీదికి వెళ్ళింది. అక్కడ అక్క ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చిన ఎర్రగళ్ళ తువ్వాలు ఉంది. ఎరుపు మళ్ళీ ఎరుపైంది. దానికి సబ్బు వాసన కూడా పోయింది.

గ్లాసు దగ్గరికి తెచ్చుకుని ముక్కుతో పీల్చాడు. నీళ్ళకి ఏ వాసనా లేదు. ఆరేళ్ళలో మొదటిసారి, బావ లేడు.

గుటకేశాడు. చల్లగా ఉన్నాయి.